ట్యూషనూ, టిక్కెట్టూ

మొన్న ఉగాది నాడు మన సంఘం వారు పిల్లలకు బహుమతులు నా చేత ఇప్పించారు. క్లాసులో మొదటి మూడు స్థానాల్లో వచ్చిన వాళ్ళకి తలా ఒక కప్పూ, ఒక నిఘంటువూ. ఫోటోలు తీశారు, చప్పట్లు కొట్టాం. "మన తెలుగు పిల్లలు ఎక్కడున్నా ముందే ఉంటారు" అన్నారు కార్యదర్శిగారు. నేనూ నవ్వుతూ నిలబడ్డాను గనక ఈ వ్యాసంలో చెప్పబోయే తప్పులో నాకూ భాగం ఉంది.

భోజనాల వరసలో ఉండగా ఒక దంపతులు నన్ను పక్కకు పిలిచారు. "డాక్టరుగారూ, మా పెద్దవాడికి ఒక సర్టిఫికెట్టు కావాలండీ" అన్నాడాయన. ఆవిడ ఏమీ అనలేదు. చేతిలో పులిహోర ప్లేటు వంక చూస్తూ నిలబడింది. తొమ్మిదో తరగతి తప్పేలా ఉన్నాడట. పదో తరగతికి పంపం, మీరే టీసీ తీసుకుని వెళ్ళిపోతే గౌరవంగా ఉంటుంది అన్నారట బడివాళ్ళు. ఏదైనా జబ్బుందని డాక్టరు రాసిస్తే జాలిపడి ఉంచుతారేమోనని వాళ్ళ ఆశ. ఏ బడి అన్నది ఇక్కడ అనవసరం. మన ఊరి బళ్ళలో ఒకటనుకోండి, లేదా ఇంకో ఊరి బడి.

ఆ శుక్రవారం కుర్రవాణ్ణి మా ఇంటికి తీసుకొచ్చారు. నాలుగో తరగతి ఇంగ్లీషు వాచకం వాడి ముందు పెట్టి చదవమన్నాను. పది మాటల వాక్యంలో నాలుగు చోట్ల ఆగాడు. మొదటి అక్షరం చూసి మిగతాది ఊహిస్తున్నాడు. ఊహ కుదిరినప్పుడు గబగబా, కుదరనప్పుడు దగ్గుతూ. సరే, పుస్తకం నేను పుచ్చుకుని తొమ్మిదో తరగతి సైన్సు పాఠం ఒక పేజీ పైకి చదివి వినిపించి, ప్రశ్నలడిగాను. ప్రతిదానికీ జవాబు చెప్పాడు. ఒకచోట నా పొరపాటు కూడా దిద్దాడు.

1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండు డాక్టరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సరిగ్గా ఇలాంటి పద్నాలుగేళ్ళ కుర్రవాడి గురించి రాశాడు. లెక్కలు వచ్చు, మాట తెలివి ఉంది, అక్షరం మాత్రం పట్టుబడదు. అంతా నోటితో చెప్పే చదువైతే బడిలో అందరికంటే ముందుండేది ఈ పిల్లవాడేనని వాళ్ళ మాస్టరు అనేవాడట. నూట పాతికేళ్ళు దాటింది. మనం ఆ మాస్టరు దగ్గరికి కూడా చేరలేదు.

తల్లి ఒక సంచీలోంచి రిపోర్టు కార్డులు తీసింది. రెండో తరగతి నుంచి ఎనిమిది దాకా ఏడు. కేసు షీట్లలాగా బల్ల మీద వరసగా పరిచి చూశాను. రెండో తరగతిలో "చదవడంలో శ్రద్ధ అవసరం". మూడులో అదే మాట. నాలుగులో "తెలివైనవాడే, నిర్లక్ష్యం". ఆరులో "క్లాసులో అల్లరి". ఎనిమిదిలో "ప్రవర్తన బాగులేదు". ఒక రోగికి ఏడేళ్ళు వరసగా జ్వరం కొలిచి, ప్రతిసారీ చార్టు మీద "జ్వరం ఉంది, తగ్గించుకోవలెను" అని రాసి ఇంటికి పంపిన ఆసుపత్రి ఎక్కడైనా ఉంటుందా? ఉంటే నా చేతనే మూయించేవారు.

మరి ఇంట్లో ఏం చేశారు? పాపం, చేయనిది లేదు. మూడో తరగతి నుంచి ట్యూషను. ఆరో తరగతికి రెండు ట్యూషన్లు. క్రికెట్ మానిపించారు. టీవీ తీసేశారు. తండ్రి డ్యూటీ నుంచి రాత్రి తొమ్మిదికి వచ్చి, పక్కన కూర్చుని, అరిచి, ఒక్కోసారి చెయ్యి చేసుకుని, ఆ తరవాత తానే ఏడ్చేవాడట. ఇన్నేళ్ళలో ఆ పిల్లవాడికి అక్షరాల్ని శబ్దాలుగా విడదీసి కలిపి చదవడం మళ్ళీ మొదటి నుంచి నేర్పినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ట్యూషనులో చెప్పేది పొద్దున క్లాసులో చెప్పినదే. క్లాసు పాఠం చదవలేనివాడికి సాయంత్రం అదే పాఠం ఇంకోసారి చెప్పడం చలిజ్వరం వాడికి ఇంకో దుప్పటి కప్పడం వంటిది. వణుకు కనబడదు. జ్వరం తగ్గదు.

సర్టిఫికెట్టు నేనివ్వలేదు. అది చదువు పరీక్షలు చేయగల సైకాలజిస్టు చూసి రాయవలసినది. అది తెలుసుకుని, అపాయింట్‌మెంటు దొరికించుకునేలోగా బడి గడువు అయిపోయింది. కుర్రవాణ్ణి విజయవాడ వైపు ఒక రెసిడెన్షియల్ స్కూల్లో వేశారు. మన సమాజానికి తెలిసిన మందులు ఈ రెండే: మొదట ట్యూషను, అది పనిచేయకపోతే టిక్కెట్టు.

ఈ రెండింటికీ మధ్య బోలెడంత వైద్యం ఉందని చెప్పడానికే ఈ వ్యాసం.

దాన్ని అంచెల సహాయం అందాం. ఆలోచన బళ్ళలో పుట్టినది కాదు, మా వైద్యశాస్త్రంలోది. రోగం రాకుండా అందరికీ చేసేది మొదటి అంచె, వచ్చే సూచన కనబడ్డ కొందరికి తొందరగా చేసేది రెండోది, వచ్చినవాళ్ళకి గట్టిగా చేసేది మూడోది. 1964లో జెరాల్డ్ కాప్లన్ దీన్ని మానసిక వైద్యానికి తెచ్చాడు. అక్కడి నుంచి అది బళ్ళలోకి నడిచింది. ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జి సుగై, రాబర్ట్ హార్నర్ పిల్లల ప్రవర్తనకు ఇదే పద్ధతి తయారు చేశారు. 2004లో అమెరికా చట్టం చదువు విషయంలోనూ దీనికి తలుపు తీసింది. అంతకుముందు అక్కడా మన కథే. పిల్లవాడు బాగా వెనకబడి, తెలివికీ మార్కులకీ మధ్య పెద్ద గొయ్యి ఏర్పడేదాకా ఆగి, అప్పుడు "లోపం ఉంది" అని కాయితం ఇచ్చేవారు. అంటే ఓడిపోయేదాకా ఆగడమే రోగనిర్ధారణ.

ఒక మాట జాగ్రత్తగా వినండి. ఈ అంచెలు మూడు రకాల పిల్లలు కారు, మూడు మోతాదుల సహాయం. ఒకే పిల్లవాడు లెక్కల్లో మొదటి అంచెలో ఉండి చదవడంలో రెండో అంచెలో ఉండొచ్చు, పది వారాల తరవాత బయటికి రావొచ్చు. దీన్ని "ఏ సెక్షను, బీ సెక్షను, మొద్దు సెక్షను" అని అర్థం చేసుకునేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. మనం చదివిన బళ్ళు అలాంటివి మరి.

మొదటి అంచె అంటే మామూలు క్లాసే, బాగా చెప్పే క్లాసు. నూటికి ఎనభై మందికి అది చాలాలని ఒక మోటు లెక్క. చట్టమేమీ కాదు, కానీ మంచి కొలత. నలభై అయిదుగురున్న క్లాసులో ఇరవైమంది తప్పితే ఇరవైమందికీ ట్యూషను పెట్టుకోమని చెప్పకూడదు. ఒక వీధిలో ఇరవైమందికి విరేచనాలైతే ఇరవై సెలైన్ సీసాలు తెప్పించి ఊరుకుంటామా? ముందు నీళ్ళ ట్యాంకు మూత తీసి చూస్తాం. మన పేరెంట్స్ మీటింగుల్లో ట్యాంకు మూత తీయమని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఏసీ పనిచేయడం లేదని, బస్సు ఆలస్యమవుతోందని అడుగుతాం.

రెండో అంచె కోసమే నా గొంతు. నలుగురైదుగురు పిల్లలు, అరగంట, వారానికి మూడు నాలుగు రోజులు, ఎనిమిది పది వారాలు. ఏది రాదో అదే నేర్పాలి, సిలబస్సు పరుగు కాదు. వారానికోసారి ఒక్క నిమిషం పైకి చదివించి, తప్పులేకుండా ఎన్ని మాటలు చదివాడో లెక్కపెట్టి గ్రాఫు కాయితం మీద ఒక చుక్క పెట్టాలి. చుక్కలు పైకి పోతుంటే సరే. నాలుగు వారాలు వరసగా అక్కడే ఉంటే పద్ధతి మార్చాలి, పిల్లవాణ్ణి తిట్టకూడదు. మందు పనిచేయకపోతే మేము మందు మారుస్తాం గదా! ఒక పెన్సిలు, ఒక గడియారం, ఒక గ్రాఫు కాయితం. దీనికి ఏ ప్రిన్సిపాలుగారూ బడ్జెట్టు లేదనలేరు. అప్పటికీ కదలని కొద్దిమందికి మూడో అంచె, అంటే తర్ఫీదు ఉన్న టీచరు ఒంటరిగా, రోజూ. డాక్టరూ సైకాలజిస్టూ రావలసింది అక్కడ. ఉగాది భోజనాల వరసలో కాదు.

అల్లరి సంగతి చెప్పాలి. మన కుర్రవాడి కథలో ఆరో తరగతి దాకా అల్లరి లేదు. అప్పుడు మొదలైంది. ఎప్పుడు? అడిగితే వాడే చెప్పాడు, ఇంగ్లీషు పీరియడులో. ఒక్కొక్కరినీ లేపి పేరా చదివిస్తారు. తన వంతు రెండు బెంచీల దూరంలో ఉందనగా వీడు పక్కవాడి పెన్ను లాగేవాడు, లేదా కోడిలా కూసేవాడు. టీచరు బయటికి పొమ్మనేది. వరండాలో గాలికి నిలబడేవాడు. వంతు తప్పిపోయేది. శిక్ష అని టీచరు అనుకుంది, బహుమతి అని వాడనుకున్నాడు. చదవలేనివాడు అనిపించుకోవడం కంటే రౌడీ అనిపించుకోవడం పన్నెండేళ్ళవాడికి పరువు. ఎప్పుడు చేస్తున్నాడు, దానికి ముందు ఏం జరిగింది, చేశాక వాడికి ఏం దక్కుతోంది అన్న మూడు ప్రశ్నలు ఒక్క వారం రాసి చూస్తే తేలే విషయం ఇది. మూడేళ్ళు ఎవరూ రాయలేదు. పొద్దున బడికి రాగానే ఒక పెద్దమనిషి పలకరించి చేతిలో చిన్న కార్డు పెట్టి, సాయంత్రం దాన్ని చూసి రెండు మాటలు చెప్పి పంపడం, ప్రవర్తన విషయంలో రెండో అంచె అంటే ఇంతే. మనవాళ్ళు "మొక్కై వంగనిది మానై వంగునా" అంటూ బెత్తం వైపు చూస్తారు. మొక్క వంగేది ఎండ ఎటుంటే అటు.

ఇక నాతో వాదించేవాళ్ళు. క్లాసులు కిక్కిరిసి ఉన్నాయి, టీచర్ల జీతాలు తక్కువ, కొన్ని చోట్ల ఒకే కట్టడంలో రెండు షిఫ్టులు నడిచాయి, ఇదంతా ఎలా కుదురుతుందంటారు. ఈ బళ్ళ విలువ నాకు తెలియక కాదు. జెద్దాలో 1969లో, రియాదులో, దమ్మాంలో 1982లో మొదలైన భారతీయ పాఠశాలలు లేకపోతే మనలో సగంమంది ఇక్కడ కుటుంబాలతో ఉండేవాళ్ళమే కాదు. కానీ డబ్బులేనిచోట అంచెలు కుదరవన్న మాట అబద్ధం. 2001 నుంచి 2003 దాకా ముంబై, వడోదర మునిసిపల్ బళ్ళలో ప్రథమ్ సంస్థ బాల్‌సఖి అనే పని చేసింది. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడ్డ పదిహేను ఇరవై మందిని రోజూ రెండు గంటలు ఆ పేటలోని ఒక యువతి వేరే కూర్చోబెట్టుకుని మొదటి పాఠాలు చెప్పేది. ఆమెకు పెద్ద డిగ్రీలు లేవు, జీతం నామమాత్రం. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం బళ్ళను చీట్లు తీసినట్టు విడదీసి కొలిచి చూశారు. పిల్లలు ముందుకు వెళ్ళారు, ముఖ్యంగా అడుగున ఉన్నవాళ్ళు. 2019లో వాళ్ళకు నోబెల్ వచ్చింది. అక్కడ ఆ పేట అమ్మాయి చేసిన పని ఇక్కడ ఎమ్మెస్సీలు, బీఎడ్‌లు చదివి ఫ్లాట్లలో ఖాళీగా కూర్చున్న మన ఆడవాళ్ళు చేయలేరా?

అంతదూరం ఎందుకు, మన మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వారు పల్లెటూరి బళ్ళ కోసం చదువుల నిచ్చెన తయారు చేశారు. గోడ మీద నిచ్చెన బొమ్మ, పెట్టెల్లో కార్డులు. ప్రతి పిల్లవాడూ తాను ఎక్కడున్నాడో ఆ మెట్టు నుంచి ఎక్కుతాడు. ఒకే మాస్టరు, అన్ని వయసుల పిల్లలు. అది చూసివచ్చిన మైసూరు వైపు టీచర్లు 1995లో నలి కలి మొదలుపెట్టారు. తరవాత చెన్నై కార్పొరేషను బళ్ళు తీసుకున్నాయి. మన చిత్తూరు సీమలో పుట్టినదాన్ని పక్క రాష్ట్రాలవాళ్ళు నేర్చుకున్నారు. మనం మాత్రం ఐఐటీ ఫౌండేషను కోర్సు ఆరో తరగతిలో పెట్టాలా, ఏడులోనా అని చర్చించుకుంటున్నాం.

ఇంకో వాదన గట్టిది, దాచను. 2015లో అమెరికాలోనే పదమూడు రాష్ట్రాల బళ్ళలో ఈ అంచెల పద్ధతిని కొలిచారు. ఒకటో తరగతిలో గీత కిందికి కొద్దిగా పడి సహాయంలోకి వెళ్ళిన పిల్లలు, గీత పైన కొద్దిగా ఉండి వెళ్ళనివాళ్ళకంటే తక్కువ మార్కులు తెచ్చుకున్నారు. నా మిత్రుడొకాయన ఇది చూపించి "చూశారా, ఫ్యాషను" అన్నాడు. నాకు అలా తోచలేదు. ఆ లెక్క గీత దగ్గరున్నవాళ్ళది. అట్టడుగున ఉన్నవాళ్ళది కాదు. అయినా హెచ్చరిక హెచ్చరికే. అక్కరలేనివాడికి మందిస్తే చెడుపే జరుగుతుంది. అసలు పాఠం జరిగే వేళ పిల్లవాణ్ణి లేపి వేరే గదిలోకి పంపితే ఇటు ఇదీ రాదు, అటు అదీ పోతుంది. చేస్తే కొలుస్తూ చేయాలి. లేకపోతే రిజిస్టరు నింపే పనిలో ఇంకోటి అవుతుంది.

మూడో వాదన ఎవరూ పైకి అనరు. "మా వాణ్ణి వేరే కూర్చోబెడితే నలుగురూ ఏమనుకుంటారు?" నా ఆసుపత్రిలో ఒక సౌదీ నర్సు ఉంది. ఆమె కొడుకు ప్రభుత్వ బడిలో రోజూ ఒక పీరియడు గుర్ఫతుల్ మసాదిర్‌కి, అంటే వనరుల గదికి వెళ్తాడు. టీ తాగుతూ మామూలుగా చెప్పింది, కళ్ళజోడు సంగతి చెప్పినట్టు. ఈ దేశంలో 1990లలోనే ఆ గదులు మొదలయ్యాయి. 2001లో ప్రత్యేక విద్యకు నియమావళి వచ్చింది. మన సీబీఎస్ఈ వారు కూడా ప్రతి బడిలో ప్రత్యేక టీచరు ఉండాలని 2015లో ఉత్తర్వు ఇచ్చారు. మన దేశంలో 2016 చట్టం చదువు సంబంధమైన లోపాలను వైకల్యాల జాబితాలో చేర్చింది. పదో తరగతి పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, ఒక భాష మినహాయింపు ఇస్తారు. మంచిదే. కానీ అదంతా పరీక్ష హాలు దగ్గర దొరికే ఆక్సిజను. రెండో తరగతిలో దగ్గు మొదలైనప్పుడు ఎవరు చూస్తారు?

మరి నలుగురూ ఏమనుకుంటారన్న భయం టిక్కెట్టుకి ఉండదే! 2017 జూలైలో కుటుంబ సభ్యుల మీద నెలకు 100 రియాళ్ళ రుసుము వచ్చి, ఏటా పెరిగి 2020కి 400 అయింది. తలకి ఏడాదికి 4800. అది లెక్క కట్టి ఎన్నో కుటుంబాలు ఇంటికి వెళ్ళాయి, తప్పు పట్టను. అయితే ఆ సాకు కింద ఎంతమంది చదువు రాని పిల్లల్ని హాస్టళ్ళకు సాగనంపామో మన అందరికీ తెలుసు. "అక్కడైతే దారిలో పడతాడు" అంటాం. పన్నెండు గంటలు క్లాసులో కూర్చోబెట్టే చోట అక్షరం కూడలేనివాడు ఏ దారిలో పడతాడు? ఇక్కడైతే కనీసం అమ్మ ఉంది.

మా డాక్టర్ల వాటా కూడా చెప్పుకోవాలి. వెనకబడ్డ పిల్లవాడని తెలియగానే ముందు కళ్ళూ చెవులూ చూడాలి. చెవిలో జిగురు చేరి సగం పాఠం వినపడని పిల్లల్ని "ధ్యాస లేదు" అంటున్నారు. క్లాసులో అయిదారు సెకన్లు శూన్యంలోకి చూస్తుండిపోయే పిల్లకి మూర్ఛలో ఒక రకం ఉండొచ్చు. పగటికలలని దెబ్బలు తింటుంది. రక్తహీనత, థైరాయిడ్ సరే. అన్నిటికంటే పెద్దది నిద్ర. ఈ ఊళ్ళు రాత్రిళ్ళు మేలుకుంటాయి, మనం వాటితో మేలుకుని ఒంటిగంటకు పిల్లల్ని పడుకోబెట్టి, అయిదున్నరకు బస్సుకి లేపుతున్నాం. దానికి అంచెలెందుకు, లైటు ఆర్పితే చాలు.

సంఘం వారికి నా సూచన చిన్నది. వచ్చే ఏడు కప్పులు కొనకండి. ఆ డబ్బుతో కథల పుస్తకాలు, కార్డులు కొని శుక్రవారాలు ఒక గంట ఒక గది ఇప్పించండి. కళ్ళూ చెవులూ నేను చూస్తాను. మేనేజింగ్ కమిటీలో ఉన్న తల్లిదండ్రులు మనవాళ్ళే. వాళ్ళని ఒక్కటి అడగండి: "మన బడి రెండో తరగతిలో వయసుకు తగ్గట్టు చదవలేనివాళ్ళు ఈ రోజున ఎంతమంది?" అంకె కావాలి. పేర్లు వద్దు. అంకె చెప్పలేకపోతే రెండు నెలల్లో చెప్పమనండి.

నేను ఇలా అన్నానని ఆ తల్లికి ఎవరో చెప్పారట. మొన్న శుక్రవారం ఆవిడే వచ్చింది, చిన్నమ్మాయిని వెంటబెట్టుకుని. రెండో తరగతి. పెద్దవాడు హాస్టల్ నుంచి ఆదివారాలు ఫోను చేస్తాడట, ఎక్కువ మాట్లాడడట. "దీన్ని కూడా ఒకసారి చూస్తారా డాక్టరుగారూ?" అంది. వాచకం ముందు పెట్టి గడియారం చూశాను. నిమిషానికి పదకొండు మాటలు. గ్రాఫు కాయితం మీద మొదటి చుక్క పెట్టి, కింద తేదీ వేసి, ఆవిడ చేతికిచ్చాను.